నూట ఎనభై ఫారాలు

సిరిసిల్ల,
9 ఫిబ్రవరి 2025

బిడ్డ కల్యాణికి,

మీ మేనమామ ముత్యం రాస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నాం. మీ అత్త మోకాళ్ల నొప్పులంటూనే ఊరంతా తిరిగి వస్తోంది కాబట్టి ఆమె కూడా బాగున్నట్టే లెక్క.

మొన్న నువ్వు ఫోన్ చేస్తే మీ అత్త తెచ్చి నా చెవికి ఆనించింది. నువ్వేదో చెప్పావు, నేను "ఆ, మంచిది, మంచిది" అన్నాను. తర్వాత తెలిసింది, నువ్వు జ్వరంగా ఉందని చెప్పావట. మీ అత్త ఇప్పటికీ నవ్వుతోంది. ఫోన్ల సంగతి అంతే, మాట సరిగ్గా రాదు. మెసేజీ పెడతానంటావు, ఆ అద్దం మీద నా వేలు పడగానే అక్షరాలు ఎటో పోతాయి. అందుకని ఉత్తరమే రాయి. ఏడో తరగతిలో మా సారు నాకు ఉత్తరం రాయడం నేర్పాడు. కాగితం మీద పేపరు భాషే రాయాలి, నోటికొచ్చిన మాటలు రాయొద్దని చెవి మెలిపెట్టి మరీ చెప్పాడు. చూశావుగా, ఇప్పటికీ ఆ మాట తప్పలేదు.

దసరాకు నువ్వు సంచిలో పెట్టి పంపిన నూటయాభై ఫారాలు నింపి పంపించాను కదా, అందాయా? మరమగ్గాల సాంచాలు నడిపేవాళ్ల చెవులు ఎలా ఉన్నాయో తెలుసుకోవడమే నీ పరిశోధన అని ఒక్కొక్కరికీ చెప్పి రాయించాను. మా షెడ్డు, చుట్టుపక్కల షెడ్లు, అన్నీ తిరిగాను. మా పక్క సాంచాల మీద పనిచేసే ఎల్లన్న, "పిల్ల అస్తదనుకున్న, నువ్వచ్చినవేంది?" అన్నాడు. "దానికి చదువు ఎక్కువున్నది" అన్నాను.

ఈ నెలాఖరులో నీకు మళ్లీ రివ్యూ ఉందని మీ అమ్మ కోరుట్ల నుంచి కబురు పంపింది. ఆరు నెలలకోసారి ముగ్గురు పెద్దవాళ్లు కూర్చుని నీ పని ఎంతవరకు వచ్చింది, గడువులో పూర్తవుతుందా లేదా అని చూసి కాగితం మీద రాస్తారట. దీనికే అక్క భయపడుతోంది. నువ్వు భయపడకు. మాకు ప్రతి వారం ఉంటుంది ఆ రివ్యూ. బట్ట దించగానే సాంచాల యజమాని, మా ఆసామి మనోహర్ దాన్ని వెలుతురుకు పట్టి చూస్తాడు. దారం తప్పిన చోట, నూనె మచ్చ పడిన చోట వేలు పెడతాడు. ఆ వేలు నా బట్ట మీద పడకుండా ముప్పై రెండేళ్లు నేశాను. నీ బట్ట మీద కూడా పడదు.

ఆరేళ్లయింది బిడ్డా. ఎల్లన్న రోజూ అడుగుతాడు, "మీ కోడలు సదువు ఇంక ఒడువలేదా?" అని. ఈ ఏడాదితో అయిపోతుందని చెప్పాను. సరిగ్గానే చెప్పానా?

మీ మామ,
ముత్యం


హైదరాబాద్,
3 మార్చి 2025

మామకు,

నీ ఉత్తరం చేరింది. జ్వరం ఎప్పుడో తగ్గిపోయింది, నువ్వు మంచిది అన్నందుకే తగ్గిందని అత్తకు చెప్పు.

రివ్యూ బాగానే జరిగింది. ముగ్గురూ కూర్చున్నారు. మా గైడు ప్రేమ్‌సాగర్ సారు, శాఖాధిపతి, ఇంకా సంగీత మేడం. ఈ మేడం కొత్తగా కమిటీలోకి వచ్చారు, వినికిడి సమస్యల మీద చాలా పనిచేశారు. నీ నూటయాభై ఫారాలు చూశారు. వేరే షెడ్ల నుంచి ఇంకో ముప్పై కావాలన్నారు, అంతే. ఇది అందరికీ ఉండేదే. ఆ ముప్పై ఫారాలూ ఈ కవర్లో పెడుతున్నాను. ఇంతకుముందు చేయించినట్టే చేయించు.

నేనే రావాలనుకున్నాను. రాసేపని మీదపడి ఉంది, లైబ్రరీ వదిలి రాలేకపోతున్నాను. ఎల్లన్న బాపుతో ఈ ఏడాది అయిపోతుందనే చెప్పు.

అమ్మ పోయిన వారం సర్వపిండి చేసి ఎవరితోనో పంపింది. బీడీల చాట ముందేసుకుని కూర్చుంటే నడుము లేవదు, ఈ పిండి ఎప్పుడు కలిపిందో. హాస్టల్లో ఆరుగురం తిన్నాం. నాకు మాత్రం ఒకటే ముక్క మిగిలింది.

ఫారాలు కొంచెం తొందరగా పంపు మామా.

నీ కోడలు,
కల్యాణి


సిరిసిల్ల,
16 మార్చి 2025

బిడ్డ కల్యాణికి,

నీ ఉత్తరం అందిన రోజు నేను షెడ్డుకు అరగంట ఆలస్యంగా పోయాను. ముందు మీ అత్తకు చదివి వినిపించాను, తర్వాత హోటల్ దగ్గర చదివాను, తర్వాత షెడ్డులో చదివాను. షెడ్డులో చదివితే ఎవరికి వినిపిస్తుంది, అందుకే కాగితం చేతుల్లో పెట్టాను. నూనె మరకలయ్యాయి, ఏమీ అనుకోకు.

ముప్పై ఫారాలూ నాలుగు రోజుల్లో అయిపోయాయి. మొదటివి పెద్ద సార్లకు నచ్చాయని చెప్పగానే ఒక్కరూ ఆలస్యం చేయలేదు. పోయినసారి ఇద్దరు ముగ్గురు తటపటాయించారు, ఈసారి అదీ లేదు. ఎలా చెప్పాలో అందరికీ తెలిసిపోయింది. ఇదే కవర్లో పెట్టాను, చూసుకో.

ఇంకో మాట. మన నేతన్నల సంఘం వాళ్లు ఉగాది నాడు సంఘ భవనంలో నీకు శాలువా కప్పుతామంటున్నారు. ఇంకా పట్టా రాలేదు కదా అన్నాను. "ఆరేండ్లు సదివింది, గిది సాలదా?" అన్నారు. నేను కాదనలేకపోయాను, నిజం చెప్పాలంటే కాదనాలని కూడా అనిపించలేదు. మన ఇంట్లో పదో తరగతి దాటింది నువ్వొక్కదానివే. జగిత్యాలలో డిగ్రీ చదివేటప్పుడు నీకు కాలేజీకి సంచి కుట్టించింది నేనే, అది గుర్తుపెట్టుకుని రా. మీ అమ్మ ఆ ముందురోజే బస్సెక్కి వస్తానంది.

ఉగాది మార్చి ముప్పైన. వస్తున్నానని ఒక ముక్క రాయి.

మీ మామ,
ముత్యం


హైదరాబాద్,
21 ఏప్రిల్ 2025

మామకు,

ఉగాదికి ఎందుకు రాలేదని అమ్మతో నాలుగుసార్లు అడిగించావు. చెబుతున్నాను.

ఫిబ్రవరిలో రివ్యూ బాగా జరగలేదు. నీకు అబద్ధం రాశాను. కాగితం మీద "అసంతృప్తికరం" అని రాశారు. అలా రాయడం అది రెండోసారి. అంతకుముందు సెప్టెంబరులో కూడా అదే రాశారు, అది మీకెవరికీ చెప్పలేదు. మూడోసారి రాస్తే నా పేరు తీసేస్తారు. ఆరేళ్ల చదువు, పట్టా లేకుండా అయిపోతుంది.

ఆ ముప్పై ఫారాలు నన్ను నిలబెడతాయనుకున్నాను. పోయిన వారం సంగీత మేడం నన్ను పిలిచి మొత్తం నూట ఎనభై ఫారాలూ బల్ల మీద పరిచారు. "వినికిడి ఎలా ఉంది?" అన్న ప్రశ్న దగ్గర నూట ఎనభై చోట్లా "బాగా ఉంది". "చెవుల్లో హోరు ఉందా?" దగ్గర నూట ఎనభై చోట్లా "లేదు". మేడం కళ్లద్దాలు తీసి నన్ను చూశారు.

"సాంచాల మధ్య ఇరవై ముప్పై ఏళ్లు పనిచేసినవాళ్లు. అందరికీ బాగా వినిపిస్తుందా? మరి మీరు ఆరేళ్లుగా దేని మీద పరిశోధన చేస్తున్నట్టు?"

"టిక్కులన్నీ ఒకే చేతివి. షెడ్లకు మీరే స్వయంగా వెళ్లారా?" అని అడిగారు. వెళ్లానన్నాను. థీసిస్‌లో కూడా అదే రాసి పెట్టాను, "పరిశోధకురాలు స్వయంగా కార్మికులను కలిసి" అని. ప్రేమ్‌సాగర్ సారు అక్కడే ఉన్నారు. నేను వెళ్లలేదని ఆయనకు తెలుసో తెలియదో గానీ తల ఎత్తలేదు.

మామా, ఒక్కటే అడుగుతున్నాను. నువ్వు ఎవరి దగ్గరికైనా వెళ్లావా? లేక ఇంట్లో కూర్చుని నూట ఎనభైకీ నువ్వే టిక్కులు పెట్టేశావా? నాలుగు రోజుల్లో ముప్పై అయిపోయాయని సంబరంగా రాశావు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. చేతకాకపోతే చేతకాదని చెప్పి ఉంటే నేనే ఏదో ఒకటి చేసుకునేదాన్ని. నిన్ను నమ్మి నా ఆరేళ్లూ నీ చేతిలో పెట్టాను.

ఈ ఫారాల సంగతి తేల్చడానికి ఆరు నెలలు ఆగకుండా జూన్‌లోనే మళ్లీ కూర్చుంటారు. అప్పుడేం చెప్పాలో నాకు తెలియడం లేదు. ఆ శాలువా సంగతి ఇంక ఎత్తవద్దని సంఘం వాళ్లకు చెప్పు.

కల్యాణి


సిరిసిల్ల,
11 మే 2025

చిరంజీవి కల్యాణికి,

నీ ఉత్తరం మీ అత్తకు చదివి వినిపించలేదు. ఏం రాసిందని అడిగితే ఎండలు ఎక్కువున్నాయని రాసిందన్నాను.

నేను ఇంట్లో కూర్చుని నింపలేదు. నూట ఎనభై మంది దగ్గరికీ వెళ్లాను. వాళ్ల చేతులు నూనెతో ఉంటాయి, కాగితం పాడవుతుందని పెన్ను నేనే పట్టుకున్నాను. అందుకే టిక్కులన్నీ ఒకే చేతివి. వాళ్లు చెప్పిందే పెట్టాను. కానీ వాళ్లు ఎందుకలా చెప్పారో ఇప్పుడు రాస్తాను. ఇది రాయడానికే ఇరవై రోజులు పట్టింది.

ముందు ఎల్లన్న దగ్గరికే పోయాను. ఆయనకు ఎడమ చెవి పూర్తిగా పోయింది, ఆ సంగతి షెడ్డులో అందరికీ తెలుసు. "నీకు మంచిగ ఇనవడుతదా?" అని అరిచి అడిగాను, మళ్లీ చేత్తో చూపించాను. ఆయన ఫారం కిందా మీదా చూశాడు.

"గిది ఎవలు సూస్తరు?"

"పెద్ద సార్లు. ఆరు నెలలకోసారి సూసి బిడ్డ పాసా ఫెయిలా రాస్తరు."

"మరి నాకు ఇనవడదని రాస్తె బిడ్డ బట్టల మచ్చ పడదా? మంచిగున్నదని రాయి."

నాకు ఆ మాట సరైనదే అనిపించింది. పెద్దవాళ్లు వెలుతురుకు పట్టి చూసే కాగితం. అందులో చెవుడు, హోరు, నొప్పి అని రాస్తే వేలు అక్కడే పెడతారు కదా అనుకున్నాను. ఆ తర్వాత ప్రతి ఒక్కరికీ నేనే చెప్పాను, బిడ్డ పాస్ కావాలి, మంచిగా చెప్పండి అని. ఎవరూ కాదనలేదు. కొందరు పోయేముందు "పాసైతది గద?" అని అడిగారు. రెండోసారి నువ్వు బాగా జరిగిందని రాస్తే, మనం చేసింది సరిగ్గా ఉందనుకుని అందరం ఇంకా గట్టిగా అదే చెప్పాం. మచ్చ లేని బట్ట నీకు అప్పజెప్పామనుకున్నాం.

నువ్వు చదువుతున్నదే చెవుల సంగతి అని, చెవులు పోయాయని రాస్తేనే నీ పని జరిగేదని మాకు తోచలేదు. నీకు కూడా చెప్పాలని తోచలేదేమో.

ఇంకొకటి ఉంది. ముప్పై ఏడో ఫారం నాది. అందులో నేనూ "బాగా ఉంది" అనే పెట్టాను. అది నీ కోసం మాత్రమే కాదు. సాంచె చప్పుడు మారినప్పుడు చెవితో పట్టలేనివాణ్ణి మనోహర్ తక్కువ కూలికి కండెలు చుట్టే పనికి పంపిస్తాడు. రెండేళ్లుగా నేను చప్పుడు పట్టడం లేదు, చెయ్యి ఆనించి అదురును బట్టి తెలుసుకుంటున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఫోన్లో మాట సరిగ్గా రాదని నీకు రాశాను. ఫోన్ మంచిదే.

ఇంట్లో కూర్చుని నింపావా అని అడిగావు. అంతకంటే ఎక్కువ తప్పే చేశాను. కానీ ఆ మాట నువ్వు అడగకుండా ఉండాల్సింది.

ముత్యం


హైదరాబాద్,
14 జూన్ 2025

మామకు,

నీ కాళ్లకు మొక్కుతున్నాను. ఎదురుగా ఉండి ఈ మాట అనే ధైర్యం లేక కాగితం మీద అంటున్నాను.

నీ ఉత్తరం చదివాక ముప్పై ఏడో ఫారం వెతికి తీశాను. నిజానికి వెతకాల్సిన పనిలేదు, అది ఎక్కడుందో నాకు తెలుసు. నవంబరులో ఫారాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తుంటే నీ పేరు కనిపించింది. వేరే ముత్యం ఎవరో కాదు, నువ్వే. ఫోన్లో నేనేం చెప్పినా మంచిది అనే మా మామకు వినికిడి బాగా ఉందట. అబద్ధమని ఆ క్షణమే తెలుసు. ఒకటి అబద్ధమైతే మిగతావి కూడా చూడాలని కూడా తెలుసు. చూస్తే మళ్లీ మొదటినుంచి చేయాలి, నేను సిరిసిల్ల రావాలి. కాబట్టి అలాగే ఎక్కించేసి తర్వాతి ఫారం తీశాను.

లైబ్రరీ వదిలి రాలేనని రాశాను కదా, అదీ నిజం కాదు. బస్టాండులో దిగిన దగ్గర నుంచి ఇంటిదాకా కనీసం పదిమంది అడుగుతారు, "ఇంక ఒడువలేదా?" అని. ముప్పై ఒకటో ఏడు వచ్చింది. నా వెనక చేరినవాళ్లు పట్టాలు తీసుకుని ఉద్యోగాల్లో చేరారు. ఆ ఒక్క ప్రశ్నకు మొహం చూపించలేక మూడేళ్లుగా పండగలకు రావడం మానేశాను, నా పని నీ నెత్తిన పెట్టాను, చివరికి నిన్నే దొంగను చేశాను.

జూన్ పదిన కమిటీ కూర్చుంది. లోపలికి వెళ్లి కుర్చీలో కూర్చోకుండానే చెప్పేశాను. షెడ్లకు నేను వెళ్లలేదు, వెళ్లానని మీకు చెప్పింది అబద్ధం, థీసిస్‌లో రాసింది కూడా అబద్ధం అని. నీ ఉత్తరంలో ఎల్లన్న బాపు అన్న మాటలు చదివి వినిపించాను. నీ పేరు చెప్పలేదు. శాఖాధిపతికి కోపం వచ్చింది, "ఇది మీరు మాకు ఫిబ్రవరిలోనే చెప్పాలి" అన్నారు. ప్రేమ్‌సాగర్ సారు మాత్రం "తప్పు నాది కూడా, ప్రతి ఆరు నెలలకూ సంతకం పెట్టాను గానీ ఒక్కసారి కూడా ఫారం తిరగేసి చూడలేదు" అన్నారు. నా తల ఇంకా కిందికి పోయింది.

పేరు తీసేయలేదు. నూట ఎనభై ఫారాలూ పక్కన పెట్టమన్నారు. డిసెంబరు దాకా గడువు, అదే ఆఖరు అని రాసి నా చేత సంతకం పెట్టించారు. సంగీత మేడం తన శాఖ నుంచి వినికిడి పరీక్ష చేసే యంత్రం తెస్తానన్నారు, నాకు నేర్పిస్తున్నారు కూడా. ఆగస్టు మూడు ఆదివారం, సాంచాలు ఆగి ఉంటాయి. బడిలో ఒక గది అడిగాం. కనీసం నలభై మంది కావాలి. ఈసారి పేర్లు రాయం, నంబర్లు మాత్రమే. కాగితాలు ఏ ఆసామికీ చూపించం.

నేను అడగకూడదు. అయినా అడుగుతున్నాను. నలుగురికి చెబుతావా?

నీ కోడలు,
కల్యాణి


సిరిసిల్ల,
6 జూలై 2025

బిడ్డా,

నీ మీద కోపం లేదు. ఉన్నది నాలుగు రోజులే.

చెబుతున్నాను గానీ ఎవరూ ఒప్పుకోవడం లేదు. ఇంతకుముందు మంచిగా చెప్పండని గడప గడపకూ తిరిగినవాణ్ణి, ఇప్పుడు ఉన్నదున్నట్టు చెప్పండని మళ్లీ అవే గడపలు ఎక్కుతున్నాను. నా మొహం నాకే చూడబుద్ధి కావడం లేదు. ఎల్లన్న అన్నాడు, "అప్పుడు గట్లంటివి, గిప్పుడు గిట్లంటున్నవు. మమ్ముల అందరి ముంగట చెవిటోళ్లను జేస్తవా?"

ఏం చెప్పను? "ముందుగాల నేను కూసుంట. నన్ను సూసినంకనే మీరు కూసోండ్రి" అన్నాను.

వస్తారో రారో తెలియదు. నేను మాత్రం ఉంటాను.

మీ మామ,
ముత్యం


సిరిసిల్ల,
7 ఆగస్టు 2025

బిడ్డ కల్యాణికి,

ఆదివారం నేను చెప్పకుండా వెళ్లిపోయాను. అన్నం కూడా తినలేదని మీ అత్త తిట్టింది. నాలుగు రోజులుగా షెడ్డుకు పోలేదు, జ్వరమని చెప్పి పంపాను.

నువ్వు నా చెవులకు ఆ డొప్పలు పెట్టి, శబ్దం వినిపిస్తే చెయ్యి ఎత్తమని కాగితం మీద రాసి చూపించావు. గది తలుపు దగ్గర అందరూ నిలబడ్డారు. ముందు నేను కూర్చుంటానని చెప్పింది నేనే. ఉన్నదున్నట్టు చెప్పండని తిరిగింది నేనే. కూర్చున్న తర్వాత నాకు శబ్దం రాలేదు. నువ్వు మీట నొక్కినప్పుడు నీ వేలు కదిలింది. నేను చెయ్యి ఎత్తాను. మళ్లీ కదిలింది, మళ్లీ ఎత్తాను. ఎన్నిసార్లు ఎత్తానో తెలియదు. ఒక్క శబ్దం కూడా వినలేదు బిడ్డా. అంతమంది ముందు చెయ్యి కింద పెట్టుకుని కూర్చోవడం నా వల్ల కాలేదు. మీ మేడం రాసుకుంటూనే ఉంది.

నువ్వు లేచి వచ్చి నా కుర్చీని గోడవైపు తిప్పావు. ఏదైనా అంటే బాగుండేది.

గోడ మీద పిల్లల కోసం ఎక్కాలు రాసి ఉన్నాయి. పన్నెండో ఎక్కం నాలుగుసార్లు చదివాను. ఇక చెయ్యి ఎత్తలేదు. నా వెనక అందరూ నవ్వుతూ ఉంటారని తెలుసు, ఆ నవ్వు కూడా నాకు వినిపించలేదు. నువ్వు డొప్పలు తీయగానే ఎవరి మొహం చూడకుండా వెనక తలుపులోంచి వచ్చేశాను.

నన్ను చూశాకే కూర్చోండన్నాను. చూశారు. ఒక్కరు కూడా కూర్చుని ఉండరు. మీ మేడం ముందు నీ పరువు రెండోసారి తీశాను. మనోహర్‌కు ఈపాటికి తెలిసే ఉంటుంది.

డిసెంబరులో ఏం జరిగినా దానికి నన్నే అను.

ముత్యం


హైదరాబాద్,
12 ఆగస్టు 2025

మామకు,

నువ్వు గోడవైపు తిరిగి ఉన్నావు, వెనక ఏం జరిగిందో నీకు తెలియదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, మన ఇద్దరి మధ్య ఇకమీదట వేరే రకంగా రాయను.

నవ్వారు, నిజమే. నువ్వు నా వేలు చూసి చెయ్యి ఎత్తుతుంటే తలుపు దగ్గర ఇద్దరు నవ్వారు. నేను కుర్చీ తిప్పాను. నీకు అవమానం అవుతుందని తెలిసే తిప్పాను. నువ్వు నా వేలు చూసి చేసినట్టే ఆరేళ్లుగా నేనూ చేశాను. ఆ కమిటీ బల్ల ముందు కూర్చుని ఎవరి మొహం ఎప్పుడు ఎలా కదులుతుందో చూసి మాట్లాడాను. నన్ను మాత్రం ఎవరూ గోడవైపు తిప్పలేదు.

తర్వాత ఎవరూ నవ్వలేదు. నేను శబ్దం పెంచుకుంటూ పోయాను. నీ చెయ్యి తొడ మీదే ఉంది. రెండుసార్లు లేవబోయింది. నువ్వు రెండో చేత్తో దాన్ని పట్టుకుని కిందికి నొక్కావు. అది అందరూ చూశారు. సంగీత మేడం రాయడం ఆపేసి నిన్నే చూస్తూ కూర్చున్నారు. చాలా పెద్ద శబ్దం దగ్గర, నేను డొప్పల బయట కూడా వింటున్న శబ్దం దగ్గర, అప్పుడు నువ్వు చెయ్యి ఎత్తావు. నీకు గుర్తులేదేమో. ఎత్తలేదని రాశావు, కానీ ఎత్తావు. అది నిజంగా విని ఎత్తింది. నా ఆరేళ్ల పరిశోధనలో నిజమైన మొదటి లెక్క అదే.

నువ్వు వెళ్లిపోయాక నిన్ను పిలుద్దామని బయటికి పరిగెత్తాను. పిలిస్తే నీకు వినిపించదని వాకిట్లోకి వచ్చాక గుర్తొచ్చింది. అక్కడే నిలబడి ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కుని లోపలికి వచ్చాను.

మనోహర్ ఏం చేస్తాడో నాకు తెలియదు. ఆపగలనని రాస్తే అది మరో అబద్ధం అవుతుంది. డిసెంబరులో వాళ్లు నా కాగితం మీద ఏం రాస్తారో కూడా తెలియదు. ఏం రాసినా నిన్ను అనను, ఆ మాట ఇంకెప్పుడూ రాయకు.

లోపలికి వచ్చేసరికి ఎల్లన్న బాపు ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆయనకు చిన్నతనంగా ఉంటుందని కుర్చీని మళ్లీ నా వైపు తిప్పబోయాను. ఆయన దాని వీపు మీద చెయ్యి వేసి ఆపాడు. "ఉండనియ్యి బిడ్డా, గట్లనే ఉండనియ్యి" అని గది అదిరేలా అన్నాడు. వెళ్లి గోడవైపు మొహం పెట్టి కూర్చున్నాడు. ఆయన తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత ఇంకొకరు. నలభై ఒక్క మంది. సాయంత్రం దాకా ఆ కుర్చీని ఎవరూ ఇటు తిప్పలేదు.

నీ కోడలు,
కల్యాణి